లెక్కలో లేని కొండ

కొన్నేళ్ళ కిందట మా గ్రామసభలో ఒక కాగితం చదివారు. మా ఊరికి పైనున్న కొండ మీద రాతి క్వారీ పెట్టుకోవడానికి అనుమతి అడుగుతూ ఎవరో తయారు చేయించిన నివేదిక అది. ఇంగ్లీషులో ఉంది. ఊళ్ళో నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ళం కాబట్టి దాన్ని తెలుగులో చెప్పే పని మా మీద పడింది. చెట్ల గురించి ఒక పేజీ, దుమ్ము గురించి ఒక పేజీ ఉన్నాయి. నీటి గురించి మాత్రం మూడే వాక్యాలు. కొండ వాలు 20 శాతం దాటింది కాబట్టి ఆ నేల భూగర్భ జలాల లెక్కలోకి రాదు, అక్కడ వాన ఇంకేది లేదు, కనుక క్వారీ వల్ల నీటికి నష్టం లేదు. ఇదీ ఆ మూడు వాక్యాల సారం.

మేము చెప్పడం పూర్తయ్యాక వెనక కూర్చున్న ఒక ముసలమ్మ లేచింది. "బాబూ, వాన కొండలోకి దిగకపోతే మాఘమాసంలో మన ఊట ఎక్కడి నుండి వస్తాది?" అని అడిగింది. వచ్చిన అధికారి మర్యాదగానే జవాబిచ్చాడు. "అది గవర్నమెంటు లెక్క అమ్మా, మేము వేసింది కాదు" అన్నాడు. ఆమె మా వైపు చూసింది. మా దగ్గర జవాబు లేదు. బడిలో నీటి చక్రం బొమ్మ గీసి పాఠం చెప్పేవాళ్ళం మేము. ఆ బొమ్మలో కొండ మీద పడిన వాన బాణం గుర్తుతో లోపలికి దిగుతుంది. పాఠంలో దిగే వాన నివేదికలో ఎందుకు దిగదు?

ఆ ప్రశ్న పట్టుకుని చదివిన చదువే ఈ వ్యాసం. వానలో భూమి వాటా ఎంత అని మనుషులు ఎప్పటి నుంచి లెక్క వేస్తున్నారు, ఆ లెక్క ఎవరి అవసరం కోసం పుట్టింది, అందులోంచి కొండ ఎలా జారిపోయింది అన్నది మన ఏజెన్సీ ఊళ్ళవాళ్ళందరం తెలుసుకోవలసిన చరిత్ర. ఎందుకంటే ఏ నేలలో పంట, ఏ నేలలో గని, ఏ నేలలో ఆనకట్ట అని తేల్చే కాగితాలన్నిటిలోనూ ఈ లెక్క ఒక మూల కూర్చుని ఉంటుంది.

కుండలో వాన, నేలలో పదును

వానను కొలవడం మన దేశంలో కొత్త పని కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధాన్యపు కొట్టు దగ్గర మూరెడు వెడల్పున్న కుండ పెట్టి వాన కొలవమని ఉంది. కొలత ద్రోణాల్లో. మెట్ట దేశానికి 16 ద్రోణాలు, తడి దేశానికి దానిమీద సగం ఎక్కువ, అవంతికి 23, అశ్మకానికి 13½ అని అందులో లెక్క కనిపిస్తుంది. అశ్మకం గోదావరి ఒడ్డు రాజ్యం. దాని రాజధాని ఇప్పటి నిజామాబాద్ జిల్లా బోధన్ అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. అంటే తెలుగు నేలకు దగ్గరి వాన లెక్క ఒకటి అంత పాత పుస్తకంలో ఉందన్నమాట. ఆ కొలత ఊరికే కాదు. వ్యవసాయం చూసే సీతాధ్యక్షుడు వానను బట్టి ఏ విత్తనం ఎక్కడ చల్లించాలో నిర్ణయించాలి. నేల ఏ పనికి పనికొస్తుందో వాన కొలిచి చెప్పడం అక్కడి నుంచే ఉంది.

ఆ జాబితాలోనే ఇంకొక మాట ఉంది. పడమటి తీరానికి, హిమాలయ ప్రాంతానికి అంకె వేయలేదు. 'అమితం' అని రాశారు, అంటే కొలతకు అందనిది. కొండ అంకెకు బయట ఉండిపోవడం అంత పాత సంగతి. అయితే ఆనాటి మాటలో ఒక మర్యాద ఉంది. అమితం అన్నారు గాని సున్నా అనలేదు.

రాజు కుండ పైన పడిన వానను కొలిచింది. సేద్యం చేసేవాడు మాత్రం వేరే దాన్ని కొలిచాడు. తొలకరి పడగానే మనవాళ్ళు మట్టి తవ్వి చూస్తారు. "బెత్తెడు పదునైంది", "జానెడు పదునైంది", "మూరెడు దిగింది" అంటారు. ఆకాశం నుంచి ఎంత పడిందన్నది కాదు, నేల ఎంత తాగిందన్నది వాళ్ళ కొలత. పదును చాలకపోతే ఎంత పెద్ద వాన పడినా చోడి చల్లరు. జోరున కురిసి గెడ్డలోకి పారిపోయిన వానను మా పెద్దలు వానగా లెక్కపెట్టరు. శాస్త్రవేత్తలు తర్వాత రోజుల్లో వందల ఏళ్ళు కష్టపడి వెతికింది ఈ రెండో కొలతనే.

ఊట ఎక్కడిదన్న పాత తగువు

మా గ్రామసభలో ముసలమ్మ వేసిన ప్రశ్న యూరప్‌లో చాలా కాలం నలిగింది. ఊటలకు, నదులకు వాన ఒక్కటే చాలదని అక్కడి పండితులు నమ్మేవారు. సముద్రపు నీరే భూమి లోపలి దారుల గుండా కొండలకు ఎక్కి, ఉప్పు వదిలి, ఊటగా బయటికి వస్తుందని చెప్పేవారు. 1674లో ఫ్రాన్సులో పియర్ పెరో అనే ఆయన ఊటల పుట్టుక మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. సేన్ నది పుట్టిన చోటి నుంచి కొంత దూరం వరకు ఆ నేల మీద మూడేళ్ళలో పడిన వాన ఎంత, నదిలో పారిన నీరు ఎంత అని పోల్చి చూశాడు. వాన నది కంటె ఆరు రెట్లు ఉంది. నదిని నింపడానికి వాన చాలదన్న మాట అక్కడితో పోయింది.

విచిత్రమేమిటంటే వాన నేల లోతుల్లోకి దిగి ఊటలవుతుందని పెరో కూడా నమ్మలేదు. ఆ పని ఆయన కాలపు వాడే ఎద్మె మారియట్ చేశాడు. పారిస్ నక్షత్రశాల కింద నేలమాళిగలో కారే నీటిని గమనించి, వాన ఎక్కువైతే ఆ కారుడు ఎక్కువవుతుందని, తగ్గితే తగ్గుతుందని చూపించాడు. మన పాఠ్యపుస్తకాల్లో పరమాణు సిద్ధాంతంతో కనిపించే జాన్ డాల్టన్ 1790లలో ఇంగ్లండులోని మాంచెస్టరులో మరో మెట్టు ఎక్కాడు. మూడడుగుల లోతు రేకు గొట్టంలో మట్టి నింపి నేలలో పాతి, పైన పడిన వానలో అడుగుకు దిగింది ఎంత అని మూడేళ్ళు కొలిచాడు. పెద్ద యంత్రమేమీ లేదు. ఒక గొట్టం, కొంత మట్టి, ఓపిక.

ఇక్కడ ఒకటి గమనించాలి. వీళ్ళు ముగ్గురూ తమ కాళ్ళ కింది నేలనే కొలిచారు. సేన్ అంకె సేన్‌కు, మాంచెస్టర్ అంకె మాంచెస్టర్‌కు. అంకె ఒక చోట పుట్టి ఇంకో చోటికి ప్రయాణం కట్టడం తర్వాత మొదలైంది.

గంగ మైదానపు సూత్రం

మన దేశంలో వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. వాన కొలిచే గిన్నెలు క్రమంగా తాలూకా కేంద్రాలకు చేరాయి. ఎంత పడిందన్నది తెలుస్తూ వచ్చింది. ఎంత దిగిందన్న ప్రశ్న గట్టిగా వచ్చింది మాత్రం గొట్టపు బావులతోనే. 1930లలో గంగ మైదానంలో ప్రభుత్వం వరసగా గొట్టపు బావులు వేయించింది. తోడే నీటికి బదులు వాన ఎంత పూడుస్తుందో తెలియకపోతే డబ్బంతా మట్టిపాలవుతుంది. 1936లో చతుర్వేది అనే ఇంజనీరు గంగ, యమునల నడుమ నేలలో బావుల నీటిమట్టం, వాన రెండూ చూసి ఒక సూత్రం కట్టాడు. ఏడాది వానలోంచి 15 అంగుళాలు తీసెయ్యి, మిగిలినదాన్ని 0.4 ఘాతానికి పెంచు, రెండుతో గుణించు. వచ్చినది నేలలోకి దిగిన నీరు, అంగుళాల్లో.

ఆ 15 అంగుళాల తీసివేతలో మన పదును మాట ఉంది. మొదటి వానలు ఎండిన మట్టిని తడపడానికి, మొక్క తాగడానికి, ఆవిరి కావడానికి సరిపోతాయి. ఆ ఆకలి తీరాకే కిందికి దిగుతుంది. తర్వాత రూర్కీలో ఆ సూత్రాన్ని కొంచెం మార్చారు. 1970లో కర్ణాటక నేలలకు కృష్ణారావు వేరే సూత్రం కట్టారు. అందులో 600 మి.మీ. నుంచి 1000 మి.మీ. వాన పడే చోట మొదటి 400 మి.మీ. తీసేసి, మిగిలినదాంట్లో నాలుగో వంతు దిగినట్టు లెక్క.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు సూత్రాలతో ఆగలేదు. వానాకాలం ముందు, వేర్లకు అందని లోతులో, ట్రిటియం అనే ఒక రకం హైడ్రోజన్ కలిసిన నీటిని కొద్దిగా మట్టిలోకి ఎక్కించేవారు. వానలు వెళ్ళాక అదే చోట మట్టిని లోతుగా గొట్టంతో తీసి, ఆ గుర్తు ఎంత కిందికి జరిగిందో చూసేవారు. పైనుంచి కొత్త నీరు దిగితే పాత నీరు కిందికి నెట్టబడుతుంది. కరీంనగర్ వైపు దిగువ మానేరు పరీవాహకంలో ఈ పద్ధతితో చేసిన పని 1980లో అచ్చయింది. పదును చూసే మన పద్ధతికి ఇది దగ్గర చుట్టం. మట్టిలోకి చూసి చెప్పడమే రెండింటిలోనూ ఉన్నది.

హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో ఫ్రెంచివారితో కలిసి ఇదే సంస్థ చేసిన పరిశోధన మరో సంగతి చెప్పింది. అక్కడి గ్రానైటు నేలలో నీరు నిలిచి బయటికి రాగల సందు నూటికి 1.4 వంతులే. అంటే బావిలో నీటిమట్టం ఒక మీటరు పెరిగితే, నిజంగా చేరింది ఆ నేల మీద 14 మి.మీ. మందాన పరిచినంత నీరే. గంగ ఒండ్రు మట్టి దూది లాంటిది. మన రాతినేల పగిలిన కుండ లాంటిది. పగుళ్ళలోనే నీరు. గంగ అంకెను ఇక్కడికి తెచ్చుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టే ఊహించవచ్చు.

బావి అప్పుల కోసం పుట్టిన లెక్క

దేశమంతటికీ ఒకే పద్ధతి ఉండాలన్న ఆలోచన హరిత విప్లవం తర్వాత బలపడింది. రైతులు బావులకు, మోటార్లకు అప్పులు అడుగుతున్నారు. నీరు లేని చోట అప్పిస్తే బ్యాంకు మునుగుతుంది, రైతూ మునుగుతాడు. 1979లో వ్యవసాయ రుణాలు చూసే సంస్థ ఒక కమిటీ వేసింది. 1984లో కేంద్రం వేసిన భూగర్భ జలాల అంచనా కమిటీ విధానం ఇచ్చింది. 1997లో దాన్ని సవరించారు. 2015లో మళ్ళీ సవరించారు. మనం కాగితాల్లో చూసే అంకెలన్నీ ఈ వంశానివే.

ఈ విధానంలో రెండు దారులు ఉన్నాయి. ఒకటి, బావుల్లో నీటిమట్టం వానలకు ముందు ఎంత, తర్వాత ఎంత అని చూడడం. రెండు, పడిన వానలో ఇంత శాతం దిగుతుందని రాయిని బట్టి ముందే అనుకున్న అంకెతో గుణించడం. 1997 పట్టికలో గంగ మైదానపు ఒండ్రుకు 22 శాతం, తూర్పు తీరపు ఒండ్రుకు 16, బంకమట్టి తక్కువున్న గ్రానైటు నేలకు 11, బంకమట్టి ఎక్కువైతే 8, చార్నోకైట్ లాంటి గట్టి రాయికి 5. పగుళ్ళు సరిగా లేని బండరాయికి 1.

వీటన్నిటికంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మొత్తం విస్తీర్ణంలోంచి 20 శాతం కంటె ఎక్కువ వాలున్న కొండ నేలను తీసెయ్యాలి. 20 శాతం వాలంటే వంద మీటర్లు ముందుకు పోతే ఇరవై మీటర్లు ఎక్కడం, కోణంలో 11 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. మా పిల్లలు రోజూ బడికి ఎక్కి దిగే దారి అది. గుణకారం మొదలుకాక ముందే, తీసివేతలో మా కొండ పోతుంది.

వాళ్ళను ఊరికే తప్పు పట్టడం న్యాయం కాదు. ఆ లెక్క అడిగిన ప్రశ్న, "ఇక్కడ ఎన్ని బావులు తవ్వుకోవచ్చు?" అని. నిటారు కొండ మీద ఎవరూ మోటారు బావి తవ్వరు. వాన అక్కడ ఎక్కువగా పారిపోతుందన్నదీ నిజమే. ఆ ప్రశ్నకు ఆ తీసివేత సరిపోతుంది. చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, "ఈ నేలను బావుల లెక్కలోకి తీసుకోలేదు" అన్న మాట కాలక్రమంలో "ఈ నేలలో వాన దిగదు" అన్న మాటగా మారింది. మా గ్రామసభలో చదివిన మూడు వాక్యాలు అలా మారిన మాటలే.

ఒకే వానకు నాలుగు జవాబులు

దీన్ని మా బడిలో నల్లబల్ల మీద పిల్లల చేతనే చేయించాము. మా వైపు ఏడాదికి సుమారు 1200 మి.మీ. వాన పడుతుంది. అంటే 47 అంగుళాలు. చతుర్వేది సూత్రంలో వేస్తే, 47లోంచి 15 తీస్తే 32. 32ను 0.4 ఘాతానికి పెంచితే సరిగ్గా 4. రెండుతో గుణిస్తే 8 అంగుళాలు. గ్రానైటు, బంకమట్టి నేల అనుకుని 8 శాతం వేస్తే మూడుముప్పావు అంగుళాలు. చార్నోకైట్ అనుకుని 5 శాతం వేస్తే రెండుంబావు మీద కొంచెం. వాలు ఎక్కువని తీసేస్తే సున్నా.

వాన అదే, కొండ అదే. ఎనిమిది నుంచి సున్నా దాకా నాలుగు జవాబులు. "సార్, ఏది కరెక్టు?" అని పిల్లలు అడిగారు. గంగ సూత్రం మనది కాదని చెప్పాము. మిగతా మూడింట్లో ఏది నిజానికి దగ్గరో బల్ల మీద తేలదని, ఊట దగ్గరికి పోయి కొలవాలని చెప్పాము.

ఇదే విధానంలో ఇంకో ముడి ఉంది. దిగిన నీటిలోంచి 5 నుంచి 10 శాతం, గెడ్డల్లోకీ ఊటల్లోకీ తనంతట పోయేదిగా తీసి పక్కన పెడతారు. మైదానంలో అది చిన్న అంకె. మా కొండల్లో ఊటే మాకు బావి, ఊటే కుళాయి, ఊటే పల్లపు పొలానికి కాలువ. మేము బతికే నీళ్ళన్నీ ఆ లెక్కలో 'పోయిన నీళ్ళు'.

ఆఖరున తోడే నీటిని దిగే నీటితో పోల్చి ముద్ర వేస్తారు. 70 శాతం లోపు తోడితే 'సేఫ్'. బోర్లు లేని కొండ మండలాల్లో తోడేది ఎంతని? అందుకే మన ఏజెన్సీ మండలాలకు ఆ ముద్ర సులభంగా పడుతుంది. చైత్రం, వైశాఖం నెలల్లో మా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని చలమల దగ్గర తెల్లవారుజాము నుంచి వంతు కాస్తుంటారు. కాగితం మీద మాత్రం మేము సేఫ్.

రాయికి మన పేరు

మా కొండల్లో ఎక్కువగా కనిపించే రాళ్ళు రెండు. వాటి పేర్ల వెనక కథ తెలిసినప్పుడు మేము కాసేపు మాట్లాడలేకపోయాము. ఒకటి చార్నోకైట్. ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నాక్ సమాధి కోల్‌కతాలో ఉంది. ఆ సమాధి రాయిని పరిశీలించి హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1893లో ఆ జాతి రాయికి అతని పేరు పెట్టాడు. రెండోది ఖోండలైట్. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త తూర్పు కనుమల్లో ఈ రాయిని వర్ణించి, ఆ కొండల మీద బతికే ఖోండు జనం పేరు పెట్టాడు. అంటే మన కోదుల పేరు. ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థి ఆ పేరు పలుకుతాడు.

మన పేరు రాయికి పెట్టారు, మన కొండను లెక్కలోంచి తీసేశారు. ఈ రెండూ ఒకే శాస్త్రపు కుటుంబంలో జరిగాయి.

ఆ రాయి నీటి సంగతి మా పెద్దలకు శాస్త్రం పేరు లేకుండానే తెలుసు. ఖోండలైట్ ఎండకూ వానకూ మెత్తబడి లోతుగా పొడిబారుతుంది. కొన్ని కొండల నెత్తిన ఎర్రటి చిల్లుల రాయి టోపీలా ఉంటుంది. బాక్సైటు ఉండేది ఆ టోపీలోనే. వాన ఆ చిల్లుల్లోంచి దిగి, కింద నీరు దిగని పొర తగలగానే పక్కకు జరిగి, కొండ నడుములో ఊటగా బయటపడుతుంది. అందుకే మన ఊళ్ళు కొండ నెత్తినా లేవు, అడుగునా లేవు, నడుము మీద ఉన్నాయి. ఊట ఉన్న చోట ఊరు పుట్టింది. ఒడిశా వైపు నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద 12 గ్రామసభలు జరిగితే, పన్నెండూ బాక్సైటు గని వద్దన్నాయి. అక్కడి డొంగ్రియా కోదులు దేవుడి కొండ అన్నారు, వాగుల తల్లి అని కూడా అన్నారు. ఆ రెండో మాటకు కాగితం మీద అంకె ఉండి ఉంటే ఎంత బలం ఉండేదో ఆలోచించండి.

వాలు రెండుసార్లు తీసేసింది

వాలు పేరు చెప్పి మనల్ని లెక్కలోంచి తీయడం నీటితో మొదలు కాలేదు. మద్రాసు ప్రభుత్వ కాలం నుంచి ఏజెన్సీ నేల చాలావరకు సర్వే లేకుండా, ముఠాదారుల చేతుల్లో ఉండేది. 1969 రెగ్యులేషన్‌తో ముఠాలు రద్దయ్యాక గాని ఇక్కడ రైత్వారీ పట్టాల పని రాలేదు. పక్కనే ఒడిశాలో స్వాతంత్ర్యం తర్వాత జరిగిన సర్వేల్లో 10 డిగ్రీల కంటె ఎక్కువ వాలున్న కొండ నేలను సాగుదారు పేర రాయకుండా ప్రభుత్వ భూమిగా ఉంచేశారు. అక్కడ తరతరాలుగా పోడు చేసుకున్న కోదులకు ఆ నేల మీద కాగితం లేకుండా పోయింది. అక్కడ 10 డిగ్రీలు, ఇక్కడ 20 శాతం. గీత దాదాపు ఒకచోటే పడింది. ఒకసారి మనిషి హక్కు తీసేసింది, ఇంకోసారి కొండ నీటి గుణం తీసేసింది.

వాటర్‌షెడ్ పథకాలు చూస్తే మాట వేరేగా ఉంది. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సూచనల మీద 1994లో వచ్చిన మార్గదర్శకాలతో దేశమంతా వాటర్‌షెడ్ పనులు పెరిగాయి. ఆ పనుల్లో మొదటి పాఠం, పని శిఖరం నుంచి మొదలుపెట్టి లోయకు దిగాలని. పైన వాన నిలిస్తేనే కింద బావి నిండుతుందని ఒక శాఖ చెబుతుంది. పైన వాన లెక్కలోకి రాదని ఇంకో శాఖ పట్టిక చెబుతుంది. రెండు కాగితాలూ ఒకే మండలాఫీసు బీరువాలో ఉంటాయి.

2015 విధానంలో మనకు పనికొచ్చే రెండు మాటలు ఉన్నాయి. వాలు ఎక్కువున్న కొండల్లో కూడా లోయలు, మెట్లు, పైనున్న చదును నేలలు ఉంటే వాటిని లెక్కలోకి తీసుకోవచ్చని మొదటిది. ఊట నీటిని కూడా కొలిచి, రోజుకు వచ్చే నీటిని అది పారే రోజులతో గుణించి, విడిగా వనరుగా చూపాలని రెండోది. ఏడాది రీఛార్జిలో కలపరు గాని కాగితం మీద ఒక గడి అయితే ఉంది. గడి ఉంది, నింపేవాళ్ళు లేరు. ప్రతి గూడెం ఊట దగ్గరికి వచ్చి కొలిచే సిబ్బంది ఏ శాఖకూ ఉండరు.

కొలిచే చేతులు

ఇక్కడ మనకంటె ముందు నడిచినవాళ్ళున్నారు. 2003 నుంచి అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోని కరువు పల్లెల్లో రైతులే తమ భూగర్భ జలాలను కొలుచుకున్న పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు ఉంది. ఆడామగా రైతులు ఊళ్ళో వాన కొలిచారు, బావుల్లో తాడు వేసి నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. నీరు ఇంతే ఉంది, వరి వేస్తే చాలదు అని పంట మార్చుకున్న ఊళ్ళు ఉన్నాయి. చదువురాని రైతు కొలిస్తే అది శాస్త్రం అవుతుందా అన్నవాళ్ళకు అది జవాబు. ఆ ఏడు జిల్లాల్లో విశాఖ, తూర్పుగోదావరి, ఖమ్మం, ఆదిలాబాద్ ఏజెన్సీలు లేవు. మన పని మనకు మిగిలే ఉంది.

మా బడిలో మేము చేస్తున్నది చెబుతాము. పెద్దదేమీ కాదు. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బాను చెట్ల నీడ పడని చోట పాతాము. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఒక పిల్ల స్కేలు పెట్టి మి.మీ. చూసి నోటుబుక్కులో రాస్తుంది. వారానికొకసారి ఊట దగ్గరికి పోయి, 20 లీటర్ల బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోను గడియారంలో చూసి రాస్తాము. మూడుసార్లు చూసి సగటు వేస్తాము. అంతే.

దానితో ఏం చెప్పవచ్చో ఒక ఉదాహరణ లెక్క చూడండి. బకెట్టు 40 సెకన్లలో నిండిందనుకుందాం. సెకనుకు అర లీటరు. రోజుకు 43,200 లీటర్లు. అలా 200 రోజులు పారితే 86 లక్షల 40 వేల లీటర్లు. ఇప్పుడు కొండ వైపు నుంచి చూద్దాం. ఎకరం మీద ఒక మి.మీ. వాన పడితే సుమారు 4,047 లీటర్లు. 1200 మి.మీ. పడితే 48 లక్షల 56 వేలు. అందులో 5 శాతమే దిగిందనుకున్నా ఎకరానికి 2 లక్షల 43 వేల లీటర్లు. ఆ ఊటను నింపడానికి దాదాపు 36 ఎకరాల కొండ వాన తాగి ఉండాలి. కొండ సున్నా అన్నవాళ్ళు ఆ 86 లక్షల లీటర్లు ఎక్కడివో చెప్పాలి. సముద్రం నుంచి లోపలి దారుల్లో కొండెక్కి వచ్చాయని ఈ రోజుల్లో ఎవరూ అనలేరు కదా.

నోటుబుక్కు చూపించిన ఇంకో సంగతి ఉంది. వాన బాగా దంచిన వారంలో ఊట వెంటనే పెరగదు. వానలు మందగించాక కూడా కొన్ని వారాలు పెరుగుతూ ఉంటుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆ ఆలస్యమే సాక్ష్యం. పైనుంచి జారిపోయిన నీరైతే అదే రోజు గెడ్డలో కనిపించి పోవాలి. ఇన్నాళ్ళు ఆగి వచ్చిందంటే కొండ లోపల నడిచి వచ్చిందన్నమాట. పిల్లలు ఇది తమ చేత్తో రాసిన అంకెల్లో చూసినప్పుడు మేము ఇరవై ఏళ్ళు బొమ్మ గీసి చెప్పిన పాఠం వాళ్ళకు మొదటిసారి అర్థమైంది. మాకూ అప్పుడే సరిగ్గా అర్థమైంది.

చట్టం వైపు నుంచి కూడా మనం ఒట్టి చేతులతో లేము. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు ఇవ్వాలని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షను పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 1997 సమతా తీర్పు మన నేలను గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని చెప్పింది. కానీ గ్రామసభలో మన పెద్దలు "ఊట పోతుంది" అంటే అది మాటగా రాసుకుంటారు. "ఊట రోజుకు ఇన్ని లీటర్లు, ఇన్ని నెలలు" అని తేదీలతో పెడితే అది రికార్డు అవుతుంది. తీర్మానానికి ఆ కాగితం జతచేస్తే, తర్వాత వచ్చే అధికారి దాన్ని చదవకుండా దాటిపోలేడు. ఇప్పుడు మన కొండల మీదికి గనులతో పాటు పంప్‌డ్ స్టోరేజ్ కరెంటు ప్రాజెక్టులు కూడా వస్తున్నాయి. ప్రతిదానికీ ముందు ఒక నివేదిక వస్తుంది. ప్రతి నివేదికలోనూ నీటి గురించి ఆ మూడు వాక్యాలు ఉంటాయి.

పెరో మూడేళ్ళు కొలిచాడు, డాల్టన్ మూడేళ్ళు కొలిచాడు. మనమూ మూడు వానాకాలాలు కొలుద్దాం. ఊరికొక డబ్బా, ఊటకొక బకెట్టు, బడికొక నోటుబుక్కు చాలు. పిల్లలతో పాటు పెద్దలు "ఈ ఏడు ఇంత పదును" అని చెప్పేది కూడా పక్క గడిలో రాయండి, అదీ కొలతే.

మా ఊళ్ళో ఆ క్వారీ మీద ఆ రోజు గ్రామసభ నిర్ణయం చేయలేదు. నీటి సంగతి తేలేదాకా వాయిదా వేయాలని తీర్మానం రాశాము. కాగితం మళ్ళీ రాలేదు. రేపు రావచ్చు. ఆ రోజు మాకు జవాబు రాక మౌనంగా నిలబెట్టిన ముసలమ్మ ఇప్పుడు ఊట దగ్గర పిల్లలతో కూర్చుంటుంది. సెకన్లు లెక్కపెట్టడం ఆమెకు రాదు గాని, బకెట్టు నిండి పొర్లిన క్షణం మాత్రం ఆమె చెప్పినదే మేము రాసుకుంటాము.